బీరు ఊళ్ళో ఓటు మాట

పోయిన వారం థెక్లాను బడి వాకిట్లో అఫ్రా స్పెర్ల్ చేతులు పట్టుకుని నిలబడి ఉండగా వదిలి వచ్చాం. కాల్ట్‌బ్రున్‌లో సగం ఇళ్ళకు కూడు పెట్టేది ఒకే ఒక్క బీరు కార్ఖానా. దాని యజమాని కూతురు, ఆ ఊరి పంతులమ్మ థెక్లా రైట్‌మాయర్, ఆడవాళ్ళకి ఓటు కావాలంటూ వేసవంతా, ఆ పోరాటం నడిపే లవీనియా విట్‌కమ్‌తో కలిసి బండి మీద ఊరూరా తిరిగింది. ఇవ్వాలో వద్దో నవంబరులో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మగవాళ్ళు ఓట్లేసి తేలుస్తారు. ఆడవాళ్ళకి ఓటొస్తే ముందు మూతపడేవి బీరు కార్ఖానాలేనని ఊళ్ళో పుకారు. పీపాలు కట్టే యోస్ట్ భార్య అఫ్రా ఆ భయంతోనే వచ్చి అడిగితే, "మా ఓటు వల్ల మీ ఆయన పని పోదు. నాదీ పూచీ" అని థెక్లా అనేసింది. ఆ మాట మూటగట్టుకుని అఫ్రా కార్ఖానా వాళ్ళ ఇల్లిల్లూ తిరిగింది. జిల్లా సంతలో థెక్లా మాట్లాడే రోజున అందరం వెళ్ళి ముందు వరసలో కూర్చుందాం రమ్మని చెప్పి వచ్చింది.

ఆ రోజు తెల్లవారింది.

వంటింట్లో థెక్లా తల్లి క్రెసెంజ్ ఆల్‌బుఖారా మురబ్బా సీసాలను పాత తువ్వాళ్ళలో చుడుతోంది. సంతలో పోటీకి పెట్టాలి. పోయినేడు పాస్టరు గారి భార్య కొట్టేసిన బహుమతి ఈసారి ఎలాగైనా ఇంటికి రావాలని ఆవిడ పంతం. బల్ల దగ్గర తండ్రి లోరెంజ్ కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద మనిషి, భుజాలు తలుపంత వెడల్పు. కానీ ఈ మధ్య కుర్చీలో ఒదిగి కూర్చుంటున్నాడు.

"ఇవాళ బండెక్కుతున్నావా?" అన్నాడు, కప్పులోకి చూస్తూనే.

"ఎక్కుతున్నాను నాన్నా. పందుల పోటీ అయ్యాక."

"పందుల తర్వాత నా కూతురు. బాగుంది వరస."

క్రెసెంజ్‌కి నవ్వొచ్చింది. మొగుడు తలెత్తి చూసేసరికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వు, నవ్వు. ఆ విట్‌కమ్ గారి బండి మీద నీ కూతురు నిలబడితే చూడ్డానికి నువ్వూ వెళ్ళు." లోరెంజ్ థెక్లా వైపు తిరిగాడు. "ఆవిడ రిడ్జ్‌టన్ చర్చిలో ఏమందో నీకు చెప్పిందా?"

"చాలా అని ఉంటారు. రోజుకో చర్చిలో మాట్లాడతారు ఆవిడ."

"ఓటు చేతికొచ్చిన మొదటి ఏడాదే రైట్‌మాయర్ గేటుకి తాళం వేయిస్తానంది. పేరు పెట్టి మరీ అంది."

థెక్లా చేతిలో రొట్టె ముక్క అక్కడే ఆగింది. "అబద్ధం. ఎవరు మోసుకొచ్చారు ఈ కబురు?"

"ఆ చర్చిలో గంట కొట్టేవాడు. వాడు తాగేది మన బీరే."

"తాగి చెప్పి ఉంటాడు."

"అయితే వెళ్ళి ఆవిణ్ణే అడుగు. నాతో ఎందుకు వాదన?" కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. కోపంగా ఏదో అంటాడని థెక్లా ఎదురుచూసింది. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "యోస్ట్ పెళ్ళానికి మాటిచ్చావట కదా. ఇచ్చేముందు నన్ను ఒక్క ముక్క అడగాల్సింది అమ్మాయ్."

"అడిగితే ఏం చెప్పేవాడివి?"

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"రొట్టె ముట్టలేదు" అంది క్రెసెంజ్, బల్ల మీది పళ్ళెం తీస్తూ. "నెలయింది ఆ మనిషి కడుపు నిండా తిని. నువ్వు చేసే పనికి బెంగ పెట్టుకున్నాడనుకుంటున్నాను. నాతో చెప్పి ఏడిస్తే కదా."

ఆ మాట థెక్లాకు సూటిగా తగిలింది. తండ్రి తిండి మానేసింది తన వల్లేనని ఆమె కూడా అనుకుంటోంది.

సంత మైదానంలో అప్పటికే దుమ్ము లేస్తోంది. బాండు మేళం వాళ్ళు ఒక మూల బాకాలు సవరించుకుంటున్నారు, ఇంకో మూల సాసేజీలు వేగుతున్నాయి. గుర్రప్పందేల బరి పక్కన, గుర్రాల్ని విప్పేసిన బండికి లవీనియా విట్‌కమ్ పసుపుపచ్చ గుడ్డ కడుతోంది. నల్లగౌను, నెరిసిన జుట్టు, సన్నగా కర్రలా ఉంటుంది మనిషి. పళ్ళ మధ్య మేకులు పట్టుకుని, ఒక్కొక్కటీ తీసి తానే కొడుతోంది.

"వచ్చావా? ఆ కొస పట్టుకో" అంది మేకుల సందులోంచి.

థెక్లా పట్టుకోలేదు. "విట్‌కమ్ గారూ, రిడ్జ్‌టన్‌లో మా నాన్న కార్ఖానా మూయిస్తానని అన్నారా మీరు?"

విట్‌కమ్ మేకులు అరచేతిలోకి ఉమ్మేసింది. దాపరికం ఆవిడకి చేతకాదు. "అన్నాను."

"ఓటుకీ బీరుకీ సంబంధం లేదని నేను ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నాను. మీరు పక్కనుండి విన్నారు. ఒక్కసారైనా కాదనలేదు."

"నువ్వు నీ నమ్మకం చెప్పుకుంటున్నావు. నేనెందుకు అడ్డుకోవాలి?"

"వాళ్ళకి నేను పూచీ ఇచ్చాను!"

"నా ఓటుకి నువ్వు ఎలా పూచీ ఇస్తావు అమ్మాయీ?"

 పక్క పాకలో ఎవరిదో పంది గట్టిగా అరిచింది, జనం నవ్వారు. విట్‌కమ్ బండి నొగ మీద కూర్చుంది. మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టింది, సంతకి ఏం తెచ్చిందో చెప్పినట్టే.

"మా ఆయన మంచివాడు. ఇది నువ్వు నమ్మాలి. తాగని రోజు ఆయనంత మెత్తటి మనిషి లేడు. ఒక చలికాలం మా రూత్‌ని మంచు మీద జారే బండిలో కూర్చోబెట్టుకుని పట్నం వెళ్ళాడు, బూట్లు కొనిపెడతానని. దానికి ఆరేళ్ళు. తిరిగొచ్చేటప్పుడు వంపులో బండి బోర్లాపడింది. ఆయన లేచి, దులుపుకుని, నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. బూట్లు విప్పుకున్నాడు, పడుకున్నాడు. బిడ్డ తనతో ఉందన్న సంగతే ఆయనకి గుర్తు లేదు. నేను లాంతరు పట్టుకుని పరుగెత్తేసరికి..." ఆవిడ ఆగింది. "కొత్త బూట్లు కాళ్ళకే ఉన్నాయి."

థెక్లా ఆవిడ పక్కన కూలబడింది.

"ఆయన తాగింది ఎవరి బీరో నేను అడగలేదు. మీ నాన్న మీద నాకు పగ లేదు. కానీ ఓటు చేతికొస్తే మాత్రం దాన్ని ఎలా వెయ్యాలో నాకు తెలుసు. ఎవరి కూతురు అడిగినా మార్చుకోను."

"మరి నేను ఆ ఆడవాళ్ళతో ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు. కూలి గురించి చెప్పు, బడుల గురించి చెప్పు. నవంబరు దాటనీ. గెలిచాక ఎవరి దారి వాళ్ళది." లేచి గౌను దులుపుకుంది. "నిజం అంతా ఒకేసారి చెప్పి గెలిచినవాళ్ళు లేరు."

ఆ సలహా చెడ్డదని థెక్లా అనుకోలేకపోయింది. ఊళ్ళో పెద్దమనుషులంతా చేసేది అదే కదా. మూడు నెలలు ఎండల్లో తిరిగిన శ్రమ, రాళ్ళు తగిలిన బండ్లు, తలుపులు మొహాన వేసిన ఇళ్ళు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక్క పూట నోరు కట్టేసుకుంటే చాలు.

పందుల పోటీ అయిపోయింది. మొదటి బహుమతి నీలం రిబ్బను కట్టిన మగపందిని ఊరేగిస్తూ జనం అలాగే బండి చుట్టూ చేరారు. ముందు వరసలో అఫ్రా, ఆవిడ వెనకే కార్ఖానా ఆడవాళ్ళంతా, చంకల్లో పిల్లలతో. వాళ్ళ మొగుళ్ళు కాస్త ఎడంగా, చేతుల్లో గ్లాసులతో నిలబడ్డారు. వాళ్ళందరికంటే ఎత్తుగా, వెనకాల, తండ్రి టోపీ కనిపించింది. అమ్మ బెంచీ మీద కూర్చుని ఒళ్ళో మురబ్బా సీసా పెట్టుకుంది. సీసాకి ఎర్ర రిబ్బను. మళ్ళీ రెండో బహుమతే.

థెక్లా బండెక్కింది.

"ముందు వంట నేర్చుకో!" ఎవడో వెనకనుంచి అరిచాడు.

"నేను వండితే తినడానికి నువ్వొస్తావనే నేర్చుకోలేదు, ఆల్‌బాన్!" అంది థెక్లా గొంతు గుర్తుపట్టి. జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు సద్దుమణిగేలోపు ఆమె మొదలుపెట్టింది. కూలి గురించి చెప్పింది. ఇరవై మంది పిల్లలకి ఒక్క పొయ్యి ఉన్న బడి గురించి చెప్పింది. ఆ బడికి డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చిన వాళ్ళలో ఒక్క పిల్లాడికైనా ముక్కు తుడిచినవాడు లేడంది. ఆడవాళ్ళు తలలూపుతున్నారు. మగవాళ్ళు కూడా కొందరు గ్లాసులు దించారు. బాగా నడుస్తోంది. పక్కన విట్‌కమ్, ఇక చాలు దిగు అన్నట్టు చెయ్యి చాచింది.

అప్పుడు అఫ్రా లేచింది.

"టీచరమ్మా, నాకిచ్చిన మాట అందరి ముందూ ఒక్కసారి చెప్పు. మా వాడు నమ్మట్లేదు." వెనక్కి తిరిగి మొగుణ్ణి చూపించింది. "చూడు, అక్కడ గుంజలా నిలబడ్డాడు. ఆ చెవులతో వాడే వినాలి."

జనం నవ్వారు. యోస్ట్ సిగ్గుతో నేల చూశాడు. థెక్లా అఫ్రా మొహం చూసింది. ఆ మొహంలో అనుమానం లేదు. అడిగితే చెబుతుందన్న ధీమా తప్ప ఏమీ లేదు.

అఫ్రా అనుమానంతో చూసి ఉంటే థెక్లా తప్పించుకునేదేమో.

"అఫ్రా, ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను" అంది థెక్లా.

మైదానంలో గ్లాసుల చప్పుడు కూడా ఆగింది.

"ఇచ్చిన రోజు నమ్మే ఇచ్చాను. కానీ నాది కాని దానికి పూచీ ఇచ్చాను. ఓటొస్తే నేను మా నాన్న గేటు తెరిచి ఉంచమనే వేస్తాను. ఈవిడ" అంటూ విట్‌కమ్ వైపు చూసింది, "మూయమనే వేస్తారు. ఆవిడ కారణం ఆవిడకి ఉంది. అది విన్నాక ఆవిణ్ణి తప్పుపట్టడం నావల్ల కాలేదు. రేపు ఈ జిల్లాలో ఆడవాళ్ళంతా ఎటు వేస్తారో నాకు తెలీదు. కార్ఖానా మూతపడొచ్చు. పడకపోవచ్చు."

"మరి మా వాడు ఓటెందుకెయ్యాలి నీకు?" అఫ్రా అరిచింది. "ఇల్లిల్లూ తిప్పావు నన్ను! నీ మాట పట్టుకుని తిరిగాను!"

"తిరిగావు. దానికి నిన్ను క్షమించమని అడుగుతున్నాను. కానీ ఒక్కటి చెప్పు. యోస్ట్‌కి ఓటు ఇచ్చినప్పుడు ఎవరైనా పూచీ అడిగారా? ఎవరికి వేస్తావో ముందు చెప్పు, అప్పుడిస్తాం అన్నారా? ఆల్‌బాన్‌ని అడిగారా? వాడు పోయినసారి తాగి ఎవరికి వేశాడో వాడికే గుర్తు లేదు." ఎవరూ నవ్వలేదు. "ఆ కార్ఖానా జీతంతో బతికేది నువ్వు. మూసినా, తెరిచినా, కూలి తగ్గించినా ఆ సాయంత్రం పొయ్యి ముందు నిలబడేది నువ్వు. దాని సంగతి తేల్చేటప్పుడు నిన్నడగరు. విట్‌కమ్ గారినడగరు. నన్నూ అడగరు. మేమిద్దరం ఎదురెదురుగా వేస్తామేమో. అయినా మమ్మల్ని అడగాలి. నేను కోరేది అంతే. ఇంతకంటే ఏదైనా మాటిస్తే అబద్ధం అవుతుంది."

 అఫ్రా చిన్నబిడ్డని చంకనేసుకుని వెనక్కి తిరిగింది. ఆవిడతోపాటు మరో నలుగురు. ఆ తర్వాత ఇంకొందరు. ముందు వరస ఖాళీ అవుతుంటే థెక్లా బండి కొయ్య పట్టుకుంది.

"పోగొట్టావు" అంది విట్‌కమ్ నెమ్మదిగా. తిట్టినట్టు అనలేదు. గాలికి ఎగిరిపోతున్న పసుపు గుడ్డ కొసని పట్టుకుని నిలబడింది. థెక్లా పక్కనుంచి మాత్రం కదల్లేదు.

అదే సమయంలో వెనకనుంచి ఒక టోపీ ముందుకు రావడం మొదలైంది.

జనం దారి ఇచ్చారు. కూతుర్ని చెయ్యి పట్టుకుని కిందికి లాగుతాడని అనుకున్నారు. కొందరికి అది చూడాలనే ఉంది. వెళ్ళిపోతున్న ఆడవాళ్ళు కూడా ఆగారు. లోరెంజ్ చక్రం మీద కాలు పెట్టి, బరువుగా ఊపిరి పీలుస్తూ బండెక్కాడు. బండి ఆయన వైపు ఒరిగింది. థెక్లా ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆయన ఆమెను ముట్టుకోలేదు. టోపీ తీశాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతుల్లో తిప్పాడు.

"అఫ్రా, ఆగు" అన్నాడు. "యోస్ట్, నువ్వూ ఇటు రా. నా కూతురికి తెలీని సంగతి ఒకటుంది."

"నాన్నా?"

"ఆడవాళ్ళు కార్ఖానా మూయిస్తారని మీరంతా భయపడుతున్నారు. నేనూ భయపెట్టాను. పొద్దున కాఫీ దగ్గర కూడా భయపెట్టాను దీన్ని." ఆయన టోపీ అంచు నలిపాడు. "మూయడానికి ఇంకేం మిగల్లేదు. నగరంలో పెద్ద కంపెనీ ఒకటి ఉంది. ఆగస్టులో వాళ్ళకి అమ్మేశాను. కొత్త సంవత్సరం నుంచి కాల్ట్‌బ్రున్‌లో బీరు కాయరు. వాళ్ళ సీసాలే రైల్లో వస్తాయి, మన గోదాంలో దించుకుంటారు."

ఎవరి చేతిలోంచో గ్లాసు జారి గడ్డిలో పడింది.

"రెండేళ్ళుగా వాళ్ళ ధరకి నేను అమ్మలేకపోతున్నాను. ఏటి రేవు పక్క సారాకొట్లన్నీ వాళ్ళే కొనేసి నా పీపాలు లోపలికి రానివ్వలేదు. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు మునిగిపోయేవాణ్ణి. అమ్మినందుకు నేను సిగ్గుపడను. దాచినందుకు సిగ్గుపడుతున్నాను. ఓటింగు అయ్యేదాకా నోరు మెదపొద్దన్నారు ఆ కంపెనీవాళ్ళు. మీరంతా ఆడవాళ్ళని చూసి బెదురుతూ వద్దని వెయ్యాలట, ఆడవాళ్ళకి ఓటొస్తే వాళ్ళ బీరుకీ ముప్పేనని. సరేనన్నాను." కూతురి వైపు చూశాడు. నెల రోజుల తర్వాత మొదటిసారి సూటిగా చూశాడు. "ఇప్పుడు నువ్వు అలా చెప్పేశాక ఇంక నావల్ల కాలేదు."

థెక్లాకు ఏడవాలో అరవాలో తెలియలేదు. నెలపాటు ముట్టని పళ్ళేలు, కాఫీ కప్పులోకి చూసిన చూపులు, వాటన్నిటినీ తన పాపం ఖాతాలో వేసుకుంది. ఈ మనిషి చూస్తూ ఊరుకున్నాడు. అయినా ఆయన చేతుల్లో ఆ టోపీ అలా నలుగుతుంటే చూడలేక, చెయ్యి చాచి దాన్ని అందుకుంది.

కింద యోస్ట్ గ్లాసు పక్కనున్నవాడికిచ్చి చొక్కా చేతులు మడుస్తున్నాడు. "పదిహేడేళ్ళు కట్టాను నీ పీపాలు" అన్నాడు. ఇంకో ఇద్దరు అతని వెంట కదిలారు. విట్‌కమ్ మేకులు కొట్టిన సుత్తిని అందుకుని బండి అంచుకి వచ్చింది, లోరెంజ్‌కి అడ్డంగా. అది చూసి థెక్లాకు కళ్ళు చెమర్చాయి.

"లోరెంజ్."

పెద్దగా పిలిచిన పిలుపు కాదు. అయినా యోస్ట్ ఆగాడు. అందరూ బెంచీ వైపు తిరిగారు. క్రెసెంజ్ నలుగురిలో గొంతెత్తడం ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు. చర్చిలో పాటకి కూడా పెదాలు మాత్రం కదిపి ఊరుకుంటుంది ఆవిడ.

"ఎవర్నడిగి అమ్మావు?"

లోరెంజ్ నోరు తెరిచాడు. "క్రెసెంజ్, ఇంటికెళ్ళాక..."

"ఇంట్లో చెప్పాల్సిన రోజున ఇంట్లో చెప్పలేదు. ఇక్కడే చెప్పు. ఎవర్నడిగావు?"

"నా పేరు మీదుంది కదా..." అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతులోంచి ఆ మాట చాలా చిన్నగా వచ్చింది.

క్రెసెంజ్ మురబ్బా సీసాను పక్కనున్న పాస్టరు గారి భార్య ఒళ్ళో పెట్టింది. గౌను అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బండి దాకా నడిచింది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. థెక్లా వంగి చెయ్యి అందించింది. అమ్మ చెయ్యి చల్లగా ఉంది. కానీ పట్టు మాత్రం గట్టిగా ఉంది.

పైకెక్కాక ఆవిడ మొగుడి వైపు చూడలేదు. యోస్ట్ వైపు, అఫ్రా వైపు, ఆ వెనక జనం వైపు తిరిగింది.

"బీరు కాచే కాగులు ఈయనవి" అంది. "గుర్రాలు, బండ్లు, పేరు, అన్నీ ఈయనవే. అమ్ముకోనీ. కానీ వాళ్ళు సీసాలు దించుకుంటామన్న ఆ గోదాం, దాని కింద కొండలో తవ్విన ఐసు గదులు, రైలుకట్ట దాకా ఉన్న నేల మా నాన్న పోతూ పోతూ నాకిచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఎవరూ అడక్కపోతే ఈయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు."

లోరెంజ్ మొహం పాలిపోయింది. థెక్లా చేతిలో ఆయన టోపీ ఉంది, దాన్ని తిరిగి అడగాలని కూడా ఆయనకి తోచలేదు.

"దాన్ని నేను ఎవరికీ అమ్మలేదు" అంది క్రెసెంజ్.